రేవుగట్టు వ్యాగను

తాడేపల్లిగూడెం,
3 ఫిబ్రవరి 2025

అక్కకి వందనాలు.

నీకు ఫోను కనబడదు, నాకు ఫోను వినబడదు, కాబట్టి మనిద్దరికీ పోస్టాఫీసే గతి. ముప్పై ఏడేళ్లు వ్యాగన్ల చక్రాల్ని సుత్తితో కొట్టి, పగులుందా లేదా అని చెవి ఒగ్గి విన్నాను. పగుళ్లన్నీ దొరికాయి, చెవులు పోయాయి. లిడియా అరిచి అరిచి విసిగిపోయి మొన్న బజారు నుంచి ఒక పలక కొనుక్కొచ్చింది. కూర ఏం వండమంటారో దాని మీద రాసి అడుగుతోంది. నేను నోటితో చెప్పినా వినదు, నన్నూ రాయమంటుంది!

అసలు సంగతికి వస్తాను. మా బృందానికి మూడో వ్యాగను దొరికింది. పూర్వం కాలవ గట్లకి రాళ్లు మోసిన చిన్న లైను ఉండేది కదా, రెండున్నర అడుగుల పట్టాలది. అది ఎత్తేసినప్పుడు వ్యాగన్లన్నీ వేలంలో తలో దిక్కూ పోయాయి. మేం ఏడుగురం వాటి కోసమే ఊళ్లు తిరుగుతున్నామని నీకు చెప్పాను. ఈ మూడోది భీమడోలు అవతల ఒక రైతు కొట్టంలో ఉంది. లోపల తౌడు బస్తాలు, బయట దాని బఫరుకి కట్టేసిన గేదె. వ్యాగను ఇస్తాను గానీ గేదెని ఎక్కడ కట్టుకోవాలో మీరే చెప్పండన్నాడు. వెళ్లి గుంజ పాతి వచ్చాం. పెంటపాడులో హనుమంతరావు గారి రైసుమిల్లు మూతబడింది కదా, ఆ వాకిలే మా షెడ్డు. ఆయనకి మా అందరికంటే పిచ్చి ఎక్కువ.

అక్కా, మన రేవుగట్టు మీద నాన్న పెట్టిన వ్యాగను గురించి వాళ్లకి చెప్పాను. తలుపులూ రివెట్లూ ఏవీ పోకుండా ఉన్నది ఇప్పుడు అదొక్కటే. వానకి తుప్పు తినేస్తోంది, ఇంకో పదేళ్లు పోతే చేత్తో నలిపితే రాలిపోతుంది. నాకు ఇస్తే బాగుచేసి మళ్లీ చక్రాల మీద నిలబెడతాను. ఏమంటావో రాయి.

నీ చెవిటి తమ్ముడు,
ఎలీయాజరు

ఇటికలతిప్ప,
8 ఫిబ్రవరి 2025

ఎలీయాజరుకి, లిడియాకి దీవెనలు.

ఎడమ కంటితో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. కుడి కంట్లో పొర ముదిరిపోయిందట. ఇరవయ్యో తారీఖున ఏలూరులో ఆపరేషను. తర్వాత వారం పది రోజులు అక్కడే జాయ్సీ పుట్టింట్లో ఉండమంటున్నారు. కోడలి పుట్టింట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చోవాలట నేను, సినిమా యాక్టరులా.

ఇక్కడ కళ్లకంటే పెద్ద బెంగ ఇంకోటుంది. కొల్లేరు హద్దు మళ్లీ కొలుస్తున్నారు. మన తిప్ప సరస్సు లోపలిదా బయటిదా అనేది ఈసారి తేల్చేస్తారట. లోపలిదని రాశారో, మన నలభై మూడు ఇళ్ల పట్టాలూ పోయినట్టే. మార్చి నెలాఖరుకి వస్తారు. ఆ వ్యాగను పడమటి పక్కన నాన్న గీసిన గీతలే మనకి దిక్కు. కాలవ లాకుల దగ్గర నీటిమట్టం చూసే లస్కరు కదా, ఆ బుద్ధి పోనిచ్చుకోక, ఏటా వరద నీళ్లు ఎంతదాకా వచ్చాయో తారుతో గీత గీసి సంవత్సరం వేసేవాడు. ఆయన పోయాక నేను గీస్తున్నాను. ఎంత పెద్ద వరదకైనా నీళ్లు ఇళ్ల మెట్లకి మూరెడు కిందే ఆగాయని ఆ గీతలు చెప్తాయి. కిందటిసారి వచ్చిన ఆఫీసరు వాటిని చూసి, "ఇవి జాగ్రత్తగా ఉంచుకోండమ్మా, మీకు ఇంతకంటే సాక్ష్యం లేదు" అన్నాడు.

ఇప్పుడు నీకు ఆ వ్యాగను కావాలా? అలాగేరా, పట్టుకుపో! నీ సొమ్మేగా! పోతూపోతూ రేవు, రేవు పక్కన చర్చి, చర్చిలో గంట కూడా ఎక్కించుకుపో. నన్నొక మూల కూర్చోబెట్టుకో, ఈ వయసులో రైలెక్కి గూడెం చూస్తాను. పాస్టరు నిత్యానందం గారిని కూడా అడుగు, ఆయనా వస్తాడేమో.

లిడియాని చలిలో తిరగొద్దన్నానని చెప్పు. పలక మీద రాసి చూపించు.

అక్క,
విక్టోరియా

ఇటికలతిప్ప,
4 మార్చి 2025

ఎలీయాజరూ,

దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

శనివారం ఏలూరు నుంచి వచ్చాను. కారు దిగిందగ్గర నుంచీ జాషువా నా చెయ్యి వదల్లేదు. "అమ్మా, ఎండ తగలకూడదన్నారు, లోపలికి పద. అమ్మా, గాలి తగలకూడదన్నారు, కిటికీ దగ్గరకి రాకు." రెండు రోజులు గదిలో పెట్టి పాలూ పండ్లూ ఇచ్చాడు. నా కొడుక్కి నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని మురిసిపోయాను కూడా. నా బుద్ధికి ఏమనాలి!

నిన్న పొద్దున్నే వాడు చెరువు మీదకి వెళ్లగానే నేను రేవుకి నడిచాను. రోజూ వ్యాగను మీద చెయ్యి ఆన్చి ఒక్క నిమిషం నిలబడి ఊపిరి తీసుకుంటాను. చెయ్యి ఆన్చాను. గాలి తగిలింది. ముందుకి తూలి, పడబోయి, ఆపుకున్నాను. ఆపరేషను చెడిపోయిందనుకున్నానురా! ఈ కన్ను మూసి ఆ కంటితో చూశాను, ఆ కన్ను మూసి ఈ కంటితో చూశాను. రెంటికీ లేదు. గడ్డి మొలవని నేల ఒకటి ఉంది, దాని చుట్టూ పెద్ద పెద్ద టైర్ల జాడలు ఉన్నాయి.

జాషువాని నిలదీస్తే, మామయ్య హైడ్రా క్రేను తెచ్చి ఎత్తించుకుపోయాడు, నేనే తాళ్లు కట్టాను, నువ్వు ఒప్పుకున్నావుగా అన్నాడు. నేను ఒప్పుకోవడం ఏమిట్రా? ఎప్పుడు ఒప్పుకున్నాను? కళ్లు కట్టించుకుని నేను మంచం మీద పడుంటే, చెప్పాపెట్టకుండా వచ్చి ఊరి సాక్ష్యాన్ని ఊరి నుంచి ఎత్తుకుపోతావా? ఏం పుట్టిందిరా నీకు? పరాయివాడు చేస్తే పోలీసు స్టేషనుకి వెళ్లేదాన్ని. తోడబుట్టినవాడు చేస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా నువ్వే రాయి.

వెంటనే జవాబు ఇవ్వు. కన్నీళ్లు పెట్టకూడదన్నాడు డాక్టరు, అందుకని కోపం ఒక్కటే మిగిలింది నాకు.

విక్టోరియా

తాడేపల్లిగూడెం,
8 మార్చి 2025

అక్కకి వందనాలు. నువ్వు దీవించకపోయినా నేను పెడతాను.

నన్ను దొంగని చేసేశావు. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, చూసి రాస్తున్నాను. "అలాగేరా, పట్టుకుపో! నీ సొమ్మేగా!" ఇది నీ చేతి రాత కాదా? "పాస్టరు నిత్యానందం గారిని కూడా అడుగు" అన్నావు. అడిగాను. ఆయనకి నీ ఉత్తరం ఇస్తే చదువుకుని నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు వినబడదు కదా, సంతోషించారనుకున్నాను. వెంటనే సంఘం తరఫున సంతకం పెట్టి ఇచ్చారు. జాషువా కూడా నీ ఉత్తరం చదివాకే తాళ్లు పట్టుకున్నాడు. నువ్వు ఏలూరులో ఉండగా ఎందుకు వెళ్లానంటావా, హైడ్రావాడు ఖాళీగా దొరికింది ఆ రోజే. నువ్వు తిరిగొచ్చేసరికి బాగుచేసి ఫోటో పంపిద్దామనుకున్నాను. అంత ఉబలాటపడ్డాను.

గీతల గురించి నువ్వేం బెంగపడకు. నేను అంత వెర్రివాణ్ణి కాను. మూడు పక్కలే గీకించి రంగు వేయించాను. పడమటి పక్క గోరు కూడా తగలనివ్వలేదు, గుడ్డ కప్పి ఉంచాను. టేపు పట్టి ప్రతి గీతకీ ఫోటో తీయించాను. సర్వే వాళ్లు వస్తే నేనే కారు పంపిస్తాను, పెంటపాడు వచ్చి నీడలో కుర్చీలో కూర్చుని చూసుకోవచ్చు. రేవుగట్టు ఎండలో నిలబడే కంటే వాళ్లకీ సుఖమే.

గీకిస్తుంటే తూర్పు పక్క పాత రంగు కింద దాని నంబరు బయటపడింది అక్కా. పన్నెండు. తెల్లరంగుతో వేసిన అంకెలు ఇంకా చెక్కుచెదరలేదు. భీమడోలు వ్యాగను చక్రాలు దీనికి సరిగ్గా సరిపోయాయి. మొన్న మిల్లు వాకిట్లో పది గజాల పట్టా వేసి నెట్టాం. కదిలింది! హనుమంతరావు గారు చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు. నేను ఏడ్చాను. నీకు ఇదంతా పిచ్చిలా కనిపిస్తుందని తెలుసు, అయినా రాశాను.

కంట్లో మందు వేళకి వేయించుకో.

ఎలీయాజరు

ఇటికలతిప్ప,
12 మార్చి 2025

ఎలీయాజరూ,

నా రాత నాకే చూపిస్తావా? ఒకే కంచంలో తిని పెరిగాం. నేను "అలాగేరా" అంటే "నీ వీపు చీరేస్తాను" అని అర్థమని నీకు తెలీదూ? చర్చిలో గంట కూడా ఎక్కించుకుపొమ్మన్నాను కదా, అదెందుకు ఎక్కించలేదు? అది మాత్రం ఎకసెక్కమని ఎలా తెలిసింది? నీకు కావలసిన ముక్క ఒప్పందం, అక్కర్లేని ముక్క వేళాకోళమా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టుంది నీ వరస.

ఎదురుగా ఉండి అంటే నా మొహం చూసి తెలుసుకునేవాడివి. కాగితం మీద మొహం కనబడదని ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పినదాన్ని నాకు తెలియొద్దా? తెలియలేదు. ఆ కోపం కూడా నీ మీదే చూపిస్తున్నాను, భరించు.

ఇప్పుడు చెవులతో పని లేదు, కళ్లతో చదువు. గీతలు భద్రంగా ఉన్నాయంటావు. గీత భద్రంగా ఉంటే ఏం లాభంరా, దాని కింద నేల ఏదీ? లాకుల దగ్గర నాన్న నీటిమట్టం చూసే గేజి రాయిని పీకి, పెంటపాడులో నీడన పాతి, "ఇదిగోనండీ నీళ్లు ఇంత వచ్చాయి" అని చెప్తే నాన్న ఏం చేసేవాడు? చెంప పగలగొట్టేవాడు. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో గీత ఒక్కటే చెప్పదు, ఆ గీత ఎక్కడ నిలబడి ఉందో అది చెప్తుంది. ఇది లస్కరు కొడుక్కి నేను చెప్పాలా! కిందటి ఆఫీసరు ఇంకో మాట కూడా అన్నాడు, అది నీకు రాయలేదు, నిజమే. "నోటి మాటలు మాకు పనికిరావమ్మా, కదలని వస్తువు మీద గుర్తు ఉంటేనే రాసుకుంటాం" అన్నాడు. నువ్వు దానికి చక్రాలు వేసి నెట్టి, కదిలిందని ఏడ్చావు.

సర్వే వాళ్లు మార్చి ఇరవై ఎనిమిది, శుక్రవారం వస్తున్నారు. ఈలోగా అది ఎక్కడిదక్కడ ఉండాలి. కిస్తీ కట్టి కట్టి ఇళ్లు కట్టుకున్నవాళ్లు మన ఊరివాళ్లు. ఇప్పుడు దారిలో కనబడితే నన్నేమీ అనడం లేదు, తల తిప్పుకుంటున్నారు. అంటేనే నయం.

విక్టోరియా

తాడేపల్లిగూడెం,
16 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం చదవగానే భయమేసింది. కాసేపయ్యాక కోపమొచ్చింది. రెండూ రాస్తాను.

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. నాకు తట్టలేదు. ముప్పై ఏడేళ్లు నాకు వ్యాగనంటే కదిలేదే. కదలకుండా ఉందంటే దానికేదో జబ్బు చేసిందని లెక్క, పక్కన పెట్టి రిపేరు చేసి పంపించడమే నా పని. రేవుగట్టు మీద దాన్ని చూసినప్పుడల్లా పాపం ఎంతకాలంగా ఆగిపోయిందో అనుకునేవాణ్ణి గానీ, అది అక్కడ పనిలో ఉందని ఒక్కసారీ అనుకోలేదు. తెస్తాను. ఇరవై నాలుగో తారీఖున తెస్తాను. హనుమంతరావు గారికి ఈ సంగతి చెప్తే మొహం మాడిపోయింది. నాకు వినబడదని ఆయన కూడా పలక మీదే రాశారు. "ఏవండీ ఎలీయాజరు గారూ, చక్రాలెక్కిన బండిని మళ్లీ దించుతారా అండీ? వచ్చే నెల మన షెడ్డు ప్రారంభోత్సవానికి కార్డులు కూడా వేయించేశాం కదండీ." చివరికి చక్రాలు విప్పడానికి ఆయనే స్పానరు తెచ్చిచ్చారు, నా వంక చూడలేదు.

ఇక కోపం. లస్కరు కొడుక్కి నేను చెప్పాలా అన్నావు. లస్కరు నాకేం నేర్పాడక్కా? ఆ వ్యాగను నాలుగు దోనెలు కలిపి కట్టి తెచ్చిన రోజు నాకు ఆరేళ్లు. దాని మీద కూర్చుని వచ్చింది నేను. గీతలు గీయడం మాత్రం నీకు నేర్పాడు. నేను తారు డబ్బా పట్టుకుని నిలబడేవాణ్ణి. డెబ్బై ఏడులో వరద తీశాక, ఈసారి నేను గీస్తాను నాన్నా అన్నాను. "నువ్వు పోయేవాడివిరా, గీత ఉండేవాళ్లు గీయాలి" అన్నాడు. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, సద్యోగం లేదు. పద్దెనిమిదేళ్లవాణ్ణి, ఎక్కడికి పోతాను? ఆ మాటకే పోయాను. నువ్వు పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు, నా చేతిలోంచి డబ్బా తీసుకుని గీత గీశావు.

యార్డులో నా పని ఏమిటో తెలుసా నీకు? పనికిరాని వ్యాగనుకి సుద్దతో గుర్తు పెట్టడం. నేను గుర్తు పెడితే అది విరగ్గొట్టడానికి పోయేది. అలా కొన్ని వందలు పంపాను. ఒక్కటైనా వెనక్కి తెచ్చి నిలబెట్టాలనిపించింది. మన రేవుదే కావాలని ఎందుకనిపించిందో నువ్వే ఆలోచించుకో.

ఎలీయాజరు

ఇటికలతిప్ప,
19 మార్చి 2025

ఎలీయాజరూ,

నీ కోపానికి జవాబు తర్వాత. ఇప్పుడు తీరిక లేదు.

వ్యాగను ఆరు రాళ్ల మీద ఉండేది కదా. నువ్వు ఎత్తించుకుపోగానే నా సుపుత్రుడు నాలుగు రాళ్లు పీకి చర్చి మెట్లకి వేశాడు. రెండే ఉన్నచోట ఉన్నాయి. నిన్న నేనే నిలబడి మెట్లు పగలగొట్టించాను. నా ఉత్తరం చదివి ఎందుకు నవ్వారని అడిగాను పాస్టరు గారిని. "టీచరు గారు సరదాగా ఇచ్చేశారనుకున్నానండి" అన్నారు. ఏం చేస్తాం, సంఘానికి తగ్గ కాపరి.

జాషువా ఒక సలహా చెప్పాడు. ఎలాగూ దించుతున్నాం కదమ్మా, జానెడు లోతు తవ్వి దించితే గీతలు కిందికి పోతాయి, ఇళ్లు ఇంకా ఎత్తులో కనిపిస్తాయి అన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చాను. వాడికి నలభై రెండేళ్లు, పెళ్లాం చూస్తుండగానే ఇచ్చాను. నువ్వు కూడా అలాంటి తెలివి చూపించకు. ఒక్క వేలు కూడా దించడానికి వీల్లేదు. ఎలా ఉన్నది అలా పెట్టు. దొంగసాక్ష్యంతో నిలబడే ఊరు నాకక్కర్లేదు.

విక్టోరియా

తాడేపల్లిగూడెం,
25 మార్చి 2025

అక్కా,

నిన్న వచ్చి పెట్టి వెళ్లాను. పొద్దున ఏడింటి నుంచి చీకటి పడేదాకా నీ ఇంటికి వంద గజాల దూరంలో ఉన్నాను, నువ్వు తలుపు తీయలేదు. జాయ్సీ మజ్జిగ తెచ్చిచ్చింది. తలుపు సందులోంచి నువ్వు చూడటం నేను చూశాను. చెవులే పోయాయి, కళ్లున్నాయి నాకు.

చెయ్యగలిగినదంతా చేశాను. కదలని రెండు రాళ్లని ఆధారం చేసుకుని, మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూసి, మిగతా నాలుగూ పాత గుంటల్లోనే కూర్చోబెట్టాను. కానీ హైడ్రా టైర్లకి ఆ నేల మెత్తబడిపోయింది. ఆ రెండు రాళ్లలో ఒకటి కొద్దిగా కుంగినట్టు అనుమానం. నాలుగు వేళ్ల ఎత్తు తేడా ఉండొచ్చు. పైకో కిందకో నాకు తెలీదు. ఎన్నిసార్లు చూసినా తేలలేదు.

తెలియని దానికి నేనెప్పుడూ ఫిట్టని సంతకం పెట్టలేదక్కా. అందుకని శుక్రవారం నేనే వస్తాను. కదిలించింది నేను, మళ్లీ పెట్టింది నేను, తేడా ఇంత ఉండొచ్చు, ఊరివాళ్ల తప్పేమీ లేదు అని కాగితం రాసి ఆఫీసరు చేతికిస్తాను. ఆయన ఏమన్నా నన్నే అంటాడు. నువ్వు నోరు విప్పక్కర్లేదు.

ఎలీయాజరు

తాడేపల్లిగూడెం,
30 మార్చి 2025

అక్కకి వందనాలు.

రెండు రోజుల నుంచి లిడియాకి ఇదే కథ చెప్తున్నాను. ఆఫీసరు గారు నీ దగ్గరకి రాగానే నువ్వు నా చేతిలో కాగితం తీసేసుకున్నావు. నీకు కోపం తగ్గలేదనుకున్నాను. తీరా చూస్తే నా బదులు నువ్వే చెప్పడానికి! నువ్వు మాట్లాడుతుంటే ఆయన ఒక్క ముక్క కూడా అడ్డం రాకుండా విని, తలూపి, రాసుకున్నాడు. నేనూ అవునవునని తలూపాను. ఆయనేమన్నాడక్కా అని అడిగితే, "భోజనం చేసి వెళ్లమంటున్నాను" అన్నట్టు చేత్తో చూపించావు. చూశావా, నిజం చెబితే వినేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను వారం రోజులు అనవసరంగా నిద్ర చెడగొట్టుకున్నాను.

హద్దు రాళ్లు రేవుకి కింద పాతారని జాషువా మెసేజి పెట్టాడు. నలభై మూడు ఇళ్లూ బయటే! హనుమంతరావు గారికి చెప్తే ఆయన కూడా శాంతించి, "పోనీలెండి, పన్నెండో నంబరు డ్యూటీలో ఉందన్నమాట" అని రాశారు. ఈస్టరుకి లిడియానీ తీసుకుని వస్తాను. నీ చేతి చేపల పులుసు తిని ఏడాదైంది.

నీ తమ్ముడు,
ఎలీయాజరు

ఇటికలతిప్ప,
7 ఏప్రిల్ 2025

ఎలీయాజరూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. అంత సంతోషంగా రాశావు, చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నేను నిజం చెప్పలేదు.

నీ కాగితం తీసుకున్నది ఇద్దామనే. తీసుకుని, నేనే నోటితో చెప్పి, ఆ తర్వాత ఇద్దామనుకున్నాను. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. వ్యాగను చుట్టూ తిరిగి చూసి నా దగ్గరకొచ్చాడు. "అమ్మా, రంగు కొత్తగా ఉందండి. దీన్ని ఎప్పుడైనా కదిలించారా అండీ?" అన్నాడు. నువ్వు నా పక్కనే నిలబడి రివెట్లు చూసుకుంటున్నావు. నిత్యానందం గారు కింద చూస్తున్నారు. నలభై మూడు ఇళ్లవాళ్లూ, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లతో సహా, నా నోటి వంకే చూస్తున్నారు. నోరు తెరిచాను. "లేదండి. మా నాన్న పెట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉంది. మా తమ్ముడు రంగు వేశాడు, అంతే" అన్నాను. అంత నున్నగా వచ్చింది ఆ మాట. నువ్వు నా పెదాలు కదలడం చూసి తలూపావు. ఆయన నీ వంక చూసి, నీ తలూపు చూసి, రాసుకున్నాడు. రాళ్ల కింద వంగి కూడా చూడలేదు. "టీచరు గారు చెప్పాక ఇంకేం కావాలండి" అన్నాడు.

నీ కాగితం కొంగున ముడేసుకుని ఇంటికొచ్చి పొయ్యిలో పెట్టాను.

నాలుగు వేళ్లు పైకో కిందకో నువ్వే తేల్చలేకపోయావు, నేనేం తేలుస్తాను? నీళ్లు మెట్లు ఎక్కలేదన్నది మాత్రం నిజం. పుట్టిందగ్గర నుంచీ ఇక్కడే ఉన్నాను, నా కళ్లతో చూశాను. ఆ నిజం చెప్పడానికి నాన్న అన్నేళ్లు గీతలు గీశాడు. ఆ వ్యాగను దాని మానాన అది ఉంటే ఎవరూ నోరు విప్పే పని లేకుండా అదే చెప్పేది. నువ్వు దాన్ని కదిలించావు, నేను అబద్ధం ఆడాల్సి వచ్చింది. ఎంతమంది పిల్లల చేత "అబద్ధం ఆడరాదు" అని వందేసి సార్లు రాయించానో నాకే లెక్క తెలీదు. వాళ్లలో సగం మంది ఆ రోజు నా ఎదురుగానే నిలబడి విన్నారు.

నిన్న మొదటి ఆదివారం, ప్రభు బల్ల. పాస్టరు గారు రొట్టె పట్టుకుని నా వరసలోకి వచ్చారు. తప్పు మనసులో పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదు కదా, తల అడ్డంగా ఊపాను. ఆయన ఒక్క క్షణం నిలబడి పక్కవాళ్ల దగ్గరకి వెళ్లిపోయారు. ఆయనకి తెలుసు, అందుకే అడగలేదు. జాయ్సీ ఒంట్లో బాగాలేదా అత్తయ్యా అంది. చర్చి బయట అందరూ నా చేతులు పట్టుకుంటున్నారు. "టీచరమ్మ ఊరు నిలబెట్టింది" అంటున్నారు. ఒకాయన కోడిని తెచ్చి గుమ్మంలో కట్టేసి వెళ్లాడు. వాళ్లు ఆ మాట అన్నప్పుడల్లా చెప్పు తీసుకుని కొట్టాలనిపిస్తోంది, ఎవర్నో తెలీదు.

డెబ్బై ఏడు సంగతి రాశావు. నాన్న ఆ మాట అన్నప్పుడు నేను ఊరుకున్నది నిజమే. డబ్బా తీసుకోకుండా ఉండాల్సింది. నీకు ఇది ఎప్పుడో చెప్పాల్సింది, చెప్పలేదు.

ఈస్టరుకి రావద్దు. లిడియాకి ఏదో ఒకటి చెప్పు. నిన్ను చూస్తే నాకు కోపం నిలవదు, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు తెలియక చేశావు, నేను తెలిసి చేశాను. నీ మీద కోపం కాస్తా పోయిందంటే నా దగ్గర మిగిలేది నేనాడిన ఆ మాట ఒక్కటే, దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కదాన్నీ కూర్చోవడం ఇంకా నాకు చేతకావడం లేదు. కొన్నాళ్లు నన్ను నీ మీద కోపంగానే ఉండనియ్యి.

విక్టోరియా